వెళ్లిపోని వైరస్‌ల వెంట ఒక జీవితం

పరీక్షలు దగ్గర పడ్డాయి. రాత్రిళ్లు నిద్ర లేదు. రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే పెదవి చివర నీటి పొక్కులు! ఏదో పురుగు పాకి ఉంటుందిలే అని అమ్మ కొబ్బరినూనె రాసి పంపిస్తుంది. మీలో చాలామందికి ఇది అనుభవమే. అయితే ఆ పొక్కు ప్రతిసారీ దాదాపు అదే చోట ఎందుకు వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? సరిగ్గా మీరు నీరసంగా ఉన్నప్పుడే ఎందుకు వస్తుంది?

1930ల చివర్లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒక డాక్టర్ ఈ చిన్న పొక్కును పట్టించుకున్నాడు. ఆయన పేరు ఫ్రాంక్ మాక్‌ఫార్లేన్ బర్నెట్. సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కు చదువుతున్నవాళ్లకు ఈ పేరు పరిచయమే. క్లోనల్ సెలెక్షన్ అనగానే బిట్టుకు జవాబుగా గుర్తొచ్చే పేరు. కానీ ఆ సిద్ధాంతం దాకా ఆయన ఏ దారిలో వచ్చాడో గైడ్లలో ఉండదు. శరీరంలోకి వచ్చి తిరిగి వెళ్లని వైరస్‌లతో మొదలై, ముసలితనంలో మన రక్షణ వ్యవస్థకు ఏమవుతుందనే ప్రశ్న దాకా సాగిన దారి అది. మధ్యలో ఉద్యోగాలు దొరకకపోవడం, దొరికినవి వదులుకోవడం కూడా ఉన్నాయి. ఆ కథే ఇది.

బర్నెట్ 1899 సెప్టెంబరు 3న విక్టోరియా రాష్ట్రంలోని ట్రారల్గన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో రెండోవాడు. తండ్రి స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన బ్యాంకు మేనేజరు. పెద్దక్క మానసిక ఎదుగుదల సరిగా లేని పిల్ల కావడంతో తల్లికి ఆమెతోనే సరిపోయేది. పిల్లాడు ఒంటరిగా పొలాల గట్ల వెంట తిరుగుతూ పేడపురుగులూ పెంకుపురుగులూ ఏరుకునేవాడు. ఆ సరదా జీవితాంతం పోలేదు. స్కాలర్‌షిప్ మీద జీలాంగ్ కాలేజీ హాస్టల్లో చేరాడు. ఆటల్లో వెనక, చదువులో ముందు, మాటల్లో అసలే లేడు. అలాంటి పిల్లలకు హాస్టల్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. 1917లో మెల్‌బోర్న్ యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరి 1922లో డిగ్రీ తీసుకున్నాడు.

వద్దన్న ఉద్యోగమే దారి చూపింది

బర్నెట్ అనుకున్నది వేరు. నరాల డాక్టరు కావాలని ఆయన కోరిక. అందుకు మెల్‌బోర్న్ ఆసుపత్రిలో రిజిస్ట్రార్ పోస్టు కావాలి, దరఖాస్తు పెట్టాడు. పెద్దలు ఒప్పుకోలేదు. ఈ కుర్రాడి స్వభావానికి రోగుల మంచం పక్కన నిలబడే పని కన్నా ల్యాబొరేటరీ సరిపోతుందని వాళ్ల అభిప్రాయం. పాథాలజీ పోస్టు ఖాళీ అయ్యేదాకా ఆగమన్నారు. ఇంటర్వ్యూలో నోరు పెగలక వెనక్కి వచ్చిన ఎవరికైనా ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో తెలుసు. బర్నెట్ మాత్రం ఆగాడు. ఆసుపత్రి ఆవరణలోనే ఉన్న వాల్టర్ అండ్ ఎలిజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో అలా కాలుపెట్టాడు. ఆ సంస్థతో ఆయన బంధం నాలుగు దశాబ్దాలు సాగింది.

డైరెక్టర్ చార్లెస్ కెలవే ఈ మాట్లాడని కుర్రాడిలో ఏదో ఉందని గుర్తించి, లండన్ వెళ్లి అనుభవం తెచ్చుకోమన్నాడు. టికెట్టు డబ్బుల్లేవు. 1925లో ఓడలో డాక్టరుగా పనిచేస్తూ, ఆ పనికి బదులు ఉచితంగా ప్రయాణించి ఇంగ్లండ్ చేరాడు. లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో జీతం వచ్చే ఉద్యోగం చేస్తూనే పరిశోధన మొదలుపెట్టాడు. ఫెలోషిప్ రాగానే ఆ ఉద్యోగం మానేశాడు. పీహెచ్‌డీ అంశం బ్యాక్టీరియోఫేజ్, అంటే బ్యాక్టీరియాను పట్టుకునే వైరస్.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మామూలుగా ఈ ఫేజ్ బ్యాక్టీరియాలోకి దూరి, తనలాంటివాటిని తయారుచేసుకుని, దాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. కానీ కొన్ని బ్యాక్టీరియాలు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటాయి, తరాల తరబడి పెరుగుతూనే ఉంటాయి, వాటిలోంచి అప్పుడప్పుడూ ఫేజ్ బయటపడుతుంటుంది. మెల్‌బోర్న్ తిరిగొచ్చాక 1929లో మార్గో మెకీతో కలిసి బర్నెట్ ఒక వివరణ ఇచ్చాడు. ఫేజ్‌ను తయారుచేసే సామర్థ్యం ఆ బ్యాక్టీరియా వారసత్వంలోనే కలిసిపోయి, నిద్రాణంగా తరం నుంచి తరానికి వెళుతోందని. డీఎన్‌ఏ అంటే ఏమిటో సరిగా తెలియని రోజులవి. ఫ్రాన్స్‌లో ఆండ్రే ల్వోఫ్ దాన్ని గట్టిగా నిరూపించడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. వైరస్ అంటే దాడి చేసి చంపేదే అని అందరూ అనుకుంటున్నప్పుడు, ఇంట్లో మనిషిలా ఉండిపోయే వైరస్ ఉంటుందన్న ఆలోచన బర్నెట్ బుర్రలో పడింది.

1928 కూడా చిన్న సంవత్సరమేం కాదు. క్వీన్స్‌లాండ్‌లోని బండబర్గ్‌లో డిఫ్తీరియా టీకా వేసిన 21 మంది పిల్లల్లో 12 మంది చనిపోయారు. విచారణ కమిషన్ కెలవే చేతికి, ల్యాబ్ పని బర్నెట్ చేతికి వచ్చాయి. టీకా మందులో తప్పు లేదు. పదేపదే సూది గుచ్చిన సీసాలోకి స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా చేరింది, దాన్ని అడ్డుకునే క్రిమినాశిని అందులో కలపలేదు. పిల్లల ప్రాణాలు తీసిన కారణాన్ని 28 ఏళ్ల వయసులో టెస్ట్ ట్యూబులో చూడటం ఎవరికీ తేలికైన పని కాదు.

పెదవి మీది పొక్కు

1932లో మళ్లీ లండన్ వెళ్లాడు, ఈసారి హాంప్‌స్టెడ్‌లోని జాతీయ వైద్య పరిశోధనా సంస్థకు. 1933లో మనిషి ఫ్లూ వైరస్‌ను మొదటిసారి పట్టుకున్నది అక్కడే, అప్పుడు బర్నెట్ అక్కడే ఉన్నాడు. పొదుగుతున్న కోడిగుడ్డులో వైరస్‌ను పెంచే పద్ధతిని ఆయన అక్కడ సాన పట్టాడు. ఇప్పటికీ ప్రపంచంలో ఫ్లూ టీకాల్లో ఎక్కువ భాగం గుడ్లలోనే తయారవుతోంది. గుడ్డు చవక, ఎక్కడైనా దొరుకుతుంది. పెద్ద పెద్ద యంత్రాలు కొనలేని మెల్‌బోర్న్ ల్యాబ్‌కు అది వరంలా పనికొచ్చింది. లండన్‌లోనే ఉండిపొమ్మని శాశ్వత ఉద్యోగం ఇస్తామన్నారు. వద్దని వచ్చేశాడు. 1944లో హార్వర్డ్ ప్రొఫెసర్ పదవి ఇస్తానంది. దానికీ వద్దనే చెప్పాడు. సైన్సంతా ఉత్తరార్ధగోళంలోనే జరుగుతుందని అందరూ నమ్మే రోజుల్లో ఇది తెలివైన నిర్ణయమా అని అప్పటివాళ్లకు అనుమానమే. నన్నడిగితే, దూరంగా ఉండటం వల్లే గుంపుకు భిన్నంగా ఆలోచించే వీలు ఆయనకు దొరికింది.

మెల్‌బోర్న్‌లో సహచరుడు స్టాన్లీ విలియమ్స్‌తో కలిసి 1939లో హెర్పిస్ సింప్లెక్స్ మీద రాసిన వ్యాసం చూడండి. పెదవి మీద పొక్కులు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల రక్తంలో ఆ వైరస్‌కు యాంటీబాడీలు పుష్కలంగా ఉన్నాయి. యాంటీబాడీ ఉంటే జబ్బు రాకూడదు కదా? ఇక్కడ తిరగబడింది. యాంటీబాడీ ఉన్నవాళ్లకే పొక్కులు వస్తున్నాయి, లేనివాళ్లకు రావడం లేదు. బర్నెట్ లెక్క ఇలా సాగింది. ఈ వైరస్ చిన్నప్పుడే, పెద్దవాళ్ల ముద్దుల నుంచో ఎంగిలి నుంచో పిల్లలకు అంటుకుంటుంది. తగ్గిపోయినట్టు కనిపించినా శరీరం విడిచి వెళ్లదు. జ్వరమో, మండే ఎండో, అలసటో వచ్చినప్పుడు తల ఎత్తుతుంది. మనిషికి, వైరస్‌కు జీవితాంతం ఒక రాజీ నడుస్తుంటుంది. ఈ వైరస్ ముఖానికి వెళ్లే నరాల ముడుల్లో దాక్కుంటుందని ఇప్పుడు మనకు తెలుసు.

ఇదే కుటుంబానికి చెందిన మరో వైరస్‌ను మన ఊళ్లలో రెండు పేర్లతో పిలుస్తాం, అది ఒకటేనని తెలియకుండా. చిన్నప్పుడు వస్తే ఆటలమ్మ. అదే వైరస్ నరాల్లో దశాబ్దాలు పడుకుని, తాతయ్యకు అరవై దాటాక నడుముకు ఒక పక్కన మంటలతో లేస్తే అక్కి. కొన్నిచోట్ల దాని మీద ఎర్రమట్టి రాయిస్తారు. తాతయ్యకు కొత్తగా ఏదీ అంటుకోలేదు. కాపలా కాసే టి కణాలు వయసుతో బలహీనపడ్డాయి, అంతే.

ఆ రోజుల్లో ఈ పనిలో ప్రమాదం ఎంత దగ్గరగా ఉండేదో చెప్పడానికి ఒక పేరు చాలు. డోరా లష్, బర్నెట్‌తో కలిసి ఫ్లూ, హెర్పిస్ వైరస్‌ల మీద పనిచేసిన శాస్త్రవేత్త. యుద్ధకాలంలో స్క్రబ్ టైఫస్‌కు టీకా వెతుకుతూ ఎలుకకు సూది వేస్తుండగా అది తన వేలికి గుచ్చుకుంది. 1943 మేలో ఆమె చనిపోయింది. వయసు 32.

ఇక 1951లో ఇంకో ఘటన. కుందేళ్ల బెడద తగ్గించడానికి ఆస్ట్రేలియా మిక్సోమా వైరస్ వదిలింది. అదే సమయంలో మిల్‌డ్యూరా ప్రాంతంలో మనుషులకు మెదడువాపు జ్వరం వచ్చింది. జనం కుందేలు వైరస్‌నే అనుమానించారు. రెండింటికీ సంబంధం లేదని చూపడానికి బర్నెట్, ఫ్రాంక్ ఫెన్నర్, ఇయాన్ క్లూనిస్ రాస్ ముగ్గురూ ఆ వైరస్‌ను తమకే ఎక్కించుకున్నారు. ముగ్గురికీ ఏమీ కాలేదు. ధైర్యమే, కానీ దయచేసి దీన్ని ల్యాబ్‌లో ఆదర్శంగా తీసుకోకండి. ఇప్పుడైతే ఎథిక్స్ కమిటీ గుమ్మం కూడా దాటనివ్వదు.

టైలరా, రెడీమేడ్ షాపా?

అమెరికాలో ఎరిక్ ట్రౌబ్ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో ఒక వింత గమనించాడు. ఎల్‌సీఎంవీ అనే వైరస్ పెద్ద ఎలుకకు సోకితే అది జబ్బు పడుతుంది. తల్లి కడుపులో ఉండగానే సోకిన పిల్ల మాత్రం రక్తం నిండా వైరస్‌తో జీవితాంతం హాయిగా తిరుగుతుంది, దాని మీద పోరాడదు. వెళ్లని వైరస్ ఇక్కడా కనిపించేసరికి బర్నెట్ చూపు దీని మీద పడింది. ఫెన్నర్‌తో కలిసి 1949లో రాసిన పుస్తకంలో ఒక మాట అన్నాడు. ఏది తనది, ఏది పరాయిది అన్నది శరీరం పుట్టుకతో తెలుసుకుని రాదు, పిండంగా ఉన్నప్పుడు నేర్చుకుంటుందని. ఆ సమయంలో లోపల ఉన్నదాన్నంతా తనదే అనుకుంటుందని. ఆయనే కోడి పిండాలతో నిరూపించబోయి విఫలమయ్యాడు. ఇంగ్లండ్‌లో పీటర్ మెడవార్ బృందం 1953లో ఎలుకలతో నిరూపించింది. 1960లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. తమాషా ఏమిటంటే, ట్రౌబ్ ఎలుకలు పూర్తిగా ఊరుకోలేదని, యాంటీబాడీలు తయారుచేస్తూనే ఉన్నాయని తర్వాత తేలింది. ఆలోచన నిలబడింది, దానికి ఆసరాగా పెట్టుకున్న కర్ర మాత్రం సగం విరిగింది.

బర్నెట్ మాత్రం తన అసలు పని నోబెల్ తెచ్చినది కాదనుకునేవాడు. అది 1957లో వచ్చింది. అంతవరకు యాంటీబాడీ ఎలా తయారవుతుందన్న ప్రశ్నకు పెద్ద పెద్దవాళ్లు ఇచ్చిన జవాబు టైలర్ లాంటిది. క్రిమి లోపలికి వస్తుంది, కణం దాని కొలతలు తీసుకుని యాంటీబాడీ కుడుతుంది. బర్నెట్ చెప్పింది రెడీమేడ్ షాపు. ఒక్కో లింఫోసైట్ ఒక్కో సైజు చొక్కాతోనే పుడుతుంది. లక్షల సైజులు ముందే షాపులో ఉంటాయి. క్రిమి వచ్చినప్పుడు దానికి సరిపోయే సైజు ఉన్న కణం ఒక్కటీ వేలకొద్దీ కాపీలుగా పెరుగుతుంది. ఆ కాపీలే క్లోన్. మన సొంత శరీరానికి సరిపోయే సైజులను మొదట్లోనే షాపులోంచి తీసేస్తారు. అమెరికాలో డేవిడ్ టాల్మేజ్‌కూ అదే సమయంలో ఇలాంటి ఆలోచనే వచ్చింది. బర్నెట్ దీన్ని ఏ పెద్ద పత్రికకూ పంపలేదు. ఆస్ట్రేలియన్ జర్నల్ ఆఫ్ సైన్స్ అనే చిన్న పత్రికలో రెండు మూడు పేజీల్లో వేయించాడు. నిజమైతే ముందు చెప్పిన పేరు తనకు ఉంటుంది, తప్పయితే ఇంగ్లండ్, అమెరికాల్లో ఎక్కువమంది కంట పడదు! ఈ లెక్క ఆయన తర్వాత దాచకుండా ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాదే ఆ సంస్థలోనే కుర్రాడు గుస్తావ్ నోసల్, అమెరికా నుంచి వచ్చిన జాషువా లెడర్‌బర్గ్ ఒక కణం ఒకే రకం యాంటీబాడీ చేస్తుందని చూపించారు.

58 ఏళ్ల వయసులో ఆయన ఇంకో పని కూడా చేశాడు. పాతికేళ్లు తానే పెంచిన వైరాలజీని పక్కనపెట్టి సంస్థ మొత్తాన్ని ఇమ్యునాలజీ వైపు తిప్పాడు. డైరెక్టర్ మాట కాబట్టి చెల్లింది. వైరస్‌ల మీద కెరీర్ కట్టుకున్న కొందరు వేరే చోటు చూసుకోవాల్సి వచ్చింది. సైన్స్ చరిత్ర దీన్ని దూరదృష్టి అంటుంది, నిజమే. ఆ రోజు బల్ల సర్దుకున్నవాళ్ల వైపు నుంచి చూస్తే అంత తీయగా ఉండదు. 1965లో పదవి దిగి, 34 ఏళ్ల నోసల్‌కు కుర్చీ అప్పగించాడు.

షాపు నిండా ఒకటే సైజు

రిటైరయ్యాక ముసలితనం గురించే ఎక్కువగా రాశాడు. 1961లో జాక్ మిల్లర్ థైమస్ గ్రంథి దేనికో కనిపెట్టాడు. రొమ్ము ఎముక వెనక ఉండే ఈ గ్రంథి టి కణాలకు శిక్షణ ఇచ్చే బడి. యుక్తవయసు నుంచీ అది కుంచించుకుపోతూ కొవ్వుగా మారుతుంది. అంటే మీరు ఉద్యోగం వెతుక్కునే వయసుకే ఆ బడిలో సీట్లు తగ్గడం మొదలైపోయింది. 1970లో బర్నెట్ ఒక ప్రతిపాదన చేశాడు. థైమస్ మీద ఆధారపడ్డ రక్షణ వ్యవస్థ వాడి వాడి అరిగిపోవడమే ముసలితనానికి ముఖ్య కారణమని. 1976లో రోగనిరోధకత, వయసు, క్యాన్సర్ కలిపి ఒక పుస్తకమే రాశాడు. అందులో ఊహ పాలు ఎక్కువ. అప్పటి సహచరుల్లో అందరూ తలూపలేదు.

ఇప్పుడు ఆ ఊహకు ఆయన పాత మిత్రుడే జత కలిశాడు, వెళ్లిపోని వైరస్. సైటోమెగలో వైరస్, పొట్టిగా సీఎంవీ, హెర్పిస్ కుటుంబంలోదే. మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికుల శరీరాల్లో ఇది ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఉన్నట్టు కూడా తెలియదు. అయితే అది లోపల అప్పుడప్పుడూ కదులుతుంది. కదిలిన ప్రతిసారీ దానికి సరిపోయే క్లోన్‌కు ఆర్డరు వెళుతుంది. రెడీమేడ్ షాపునే గుర్తుచేసుకోండి. ఒకటే సైజు ఆర్డర్లు నలభై యాభై ఏళ్లు వస్తూనే ఉంటే గోడౌన్ ఎలా ఉంటుంది? మరోవైపు కొత్త సైజులు తెచ్చే మిల్లు, అంటే థైమస్, మూతపడుతోంది. సీఎంవీ ఉన్న పెద్దవాళ్ల మెమరీ టి కణాల్లో సగటున పదో వంతు ఈ ఒక్క వైరస్ కోసమే ఉన్నట్టు 2005లో ఒక అమెరికా అధ్యయనం లెక్కకట్టింది. 2015లో కవలల మీద వచ్చిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి సీఎంవీ ఉండి రెండోవారికి లేకపోతే, కొలిచిన రోగనిరోధక లక్షణాల్లో సగానికి పైగా ఆ తేడా ప్రభావం కనిపించింది.

అయితే తొందరపడి సీఎంవీని దొంగ అనేయకండి. దాని వల్ల కొత్త కణాలకు నిజంగా చోటు తగ్గుతోందా, వృద్ధుల్లో టీకాలు సరిగా పనిచేయకపోవడానికి అదే కారణమా అన్న దానిపై పరిశోధకుల్లో ఇంకా వాదన నడుస్తోంది. సీఎంవీ ఉన్న యువకుల్లో ఫ్లూ టీకాకు స్పందన మరింత బాగున్నట్టు చూపిన అధ్యయనమూ ఉంది. బర్నెట్ హెర్పిస్‌లో చూసిన రాజీ బహుశా ఇక్కడా ఉంది. కుర్రతనంలో లాభం, ముసలితనంలో వడ్డీ అనుకోవచ్చేమో.

ఇందులో మనవాడూ ఒకరున్నారు. హైదరాబాద్‌లో పుట్టి, 1968లో ఉస్మానియాలో డిగ్రీ చేసి అమెరికా వెళ్లిన రఫీ అహ్మద్. ట్రౌబ్ చూసిన అదే ఎలుకల వైరస్, ఎల్‌సీఎంవీతో ఆయన దశాబ్దాలు పనిచేశారు. వైరస్ వెళ్లకుండా ఉండిపోతే దానితో పోరాడే టి కణాలు చావకుండానే చేవ చచ్చి నిలబడిపోతాయి. 2006లో ఆయన బృందం, పీడీ-1 అనే బ్రేకును విడిపిస్తే ఆ అలసిన కణాలు మళ్లీ పనిలోకి దిగుతాయని ఎలుకల్లో చూపింది. క్యాన్సర్ వార్డుల్లో ఇప్పుడు వాడుతున్న ఒక మందుల వర్గం అదే బ్రేకు మీద పనిచేస్తుంది.

బర్నెట్ అన్నీ సరిగా చెప్పలేదు. యుద్ధకాలంలో ఆయన చేసిన ఫ్లూ టీకా ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అంటురోగాల భవిష్యత్తులో ఇక పెద్ద విశేషాలేమీ ఉండవని 1970ల మొదట్లో రాశాడు. పదేళ్లు తిరగకముందే ఎయిడ్స్ బయటపడింది. మాలిక్యులర్ బయాలజీ వల్ల వైద్యానికి ఒరిగేదేమీ లేదని కూడా గట్టిగా వాదించాడు. ఈ రోజు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఇంటర్వ్యూకు వెళ్లి ఆ మాట అనండి చూద్దాం.

1985 ఆగస్టు 31న విక్టోరియా తీరంలోని పోర్ట్ ఫెయిరీలో క్యాన్సర్‌తో ఆయన చనిపోయాడు. 85 ఏళ్లు. చిన్నప్పుడు పురుగులు ఏరిన ప్రాంతానికి అంత దూరమేం కాదు. అక్కికి ఇప్పుడు టీకా ఉంది, యాభై దాటినవాళ్లకు డాక్టర్లు సూచిస్తున్నారు. పెదవి పొక్కుల వైరస్‌కూ, సీఎంవీకీ ఆమోదం పొందిన టీకా ఇంకా రాలేదు.